ఖాళీ పిడికిలి

ఎవరికి అన్యాయం జరిగింది? ఎవరు చేశారు? ఏ విధంగా చేశారు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పలేని పిల్ల ఫిర్యాదును కర్నూలు కాన్వెంటులో మా సిస్టర్ బెర్నదెత్తు చెవిన పెట్టేవారు కారు. ముఖం కడుక్కుని రా, మాట సరిగా కూర్చుకుని రా, అప్పుడు నేనూ వింటాను, దేవుడూ వింటాడు, అనేవారు. అందుచేత ఈ ఆదివారం ఉదయం, కోసిగికి పడమరగా ఉన్న మా ఊరి చర్చిలో, మోకాళ్లు వంగని నాలాంటి వాళ్ల కోసం గోడవారన వేసిన కుర్చీలో కూర్చుని, మాట కూర్చుకుంటున్నాను. అన్యాయం జరిగింది మా చిన్నమ్మ సంతోషమ్మకు. చేసింది ఈ సంఘం, సంఘపెద్ద హెన్రీ నోటితో. దేవుని కోసం తీసిన పిడికెడు గింజలను దొంగిలించిందని అందరి ఎదుట పలికి, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల దగ్గరికి రాకుండా ఆమెను నిలిపివేశారు. అరవై ఏళ్లయింది. హెన్రీ పోయి చాలాకాలమైంది. ఆయన కొడుకు ఏసుకుమార్ ఇప్పుడు సంఘపెద్ద. ఈ రోజు రొట్టె విరిచే ముందు ఆ పాత మాటను వెనక్కి తీసుకుని, చిన్నమ్మను బల్ల దగ్గరికి పిలుస్తానని ఆయన నాకు మాట ఇచ్చాడు. మొదటి గంట మోగింది. గంటసేపట్లో తేలిపోతుంది. ఆడవాళ్ల వరుసల్లో చివరి చాప మీద, వాకిలికి దగ్గరగా, తొంభై ఏళ్ల చిన్నమ్మ కాళ్లు చాపుకుని కూర్చుని, కొంగు చివర ఏదో ముడి వేసుకుంటున్నది. ఆమెకు తొందరేమీ ఉన్నట్టు లేదు. తొందరంతా నాదే.

పాట మొదలైంది. గోడలకు కొత్తగా వేసిన సున్నం వాసన, కనకాంబరాలకు తోడుగా కట్టిన మరువం వాసన, పీఠం పక్కన ముక్కాలిపీట మీద పిడికెడు కుండ. కడపలో ఇప్పుడు నేను ఆరాధనకు వెళ్లే పెద్ద చర్చిలో ఈ కుండ లేదు, అక్కడ కానుకల సంచి వరుసల మధ్య చప్పుడు లేకుండా నడిచిపోతుంది. మా ఊళ్లో మాత్రం కుండ మిగిలింది, మూతికి కట్టే తెల్లగుడ్డ మిగిలింది, ఆ గుడ్డలో చేయి దూరేటంత చీలిక కూడా మిగిలింది. ఎసరు పెట్టిన ఇల్లాలు గింజలు కడగబోయే ముందు ఒక పిడికెడు పక్కకు తీస్తుంది. ఆ పిడికిలి విప్పకుండా ఎవరిదో ఒకరి పేరు దేవునికి చెబుతుంది, జ్వరంతో పడుకున్న మనిషి పేరో, ఊరు విడిచి పోయిన కొడుకు పేరో, పొలంగట్టు దగ్గర తనతో పోట్లాడిన పక్కింటామె పేరో. చెప్పాక పిడికిలి విప్పి దేవుని ముంతలో వేస్తుంది. శనివారం సాయంత్రం సంఘం తరఫున ఒక స్త్రీ కుండను చంకనెత్తుకుని ఇంటింటికీ వస్తుంది. వారమంతా ముంతలో చేరినదాన్ని ఇల్లాలు మళ్లీ పిడికిళ్లతోనే, ఆ పేర్లను మళ్లీ తలచుకుంటూ, గుడ్డ చీలికలో నుంచి కుండలో వేస్తుంది. ఎవరు ఎంత వేశారో ఎవరూ చూడరు. మరునాడు ఆరాధనలో ఆ స్త్రీ లేచి నిలబడి, ఫలానా ఇంటివారు ఇచ్చారు, ఫలానా ఇంటివారు ఇచ్చారు, అని ఇళ్ల పేర్లు పైకి చెబుతుంది. బియ్యం అన్నది మాటకే గానీ మా బాల్యంలో ఆ కుండలో పడినవి జొన్నలు, కొర్రలు. ఆ రోజుల్లో కుండ మోసిన స్త్రీ మా చిన్నమ్మ. ఆమె చంకలో కుండ అంచు ఒరుసుకుని కాయ కాసిన చోటును చిన్నప్పుడు నేను వేలితో తడిమి చూసేదాన్ని. మా అమ్మ నన్ను కని పోయింది గనుక నాకు తల్లి చంక అంటే ఆ కాయే.

నిన్న పగటి బండిలో కడప నుంచి వస్తూ, గుంతకల్లు దాటాక కిటికీలో ఎర్రనేల కనబడగానే, నాకు ఆ కరువు సంవత్సరం గుర్తొచ్చింది. గుర్తొచ్చింది అనడం కూడా సరికాదు, నేను దాన్ని చూడలేదు. అప్పుడు నేను కాన్వెంటు హాస్టల్లో ఉన్నాను, గంట కొడితే లేచి, గంట కొడితే మోకరించి, గంట కొడితే తిని, తెల్లటి రిబ్బన్లతో జడలు వేసుకుని, లాటిను మాటల్లో పాడుతూ. ఇక్కడ మా ఊళ్లో నాగళ్లు గోడకు ఆనించి ఉన్నాయి. సగం ఊరు సుగ్గికి పోయింది. మా వైపు పనుల కోసం దూరప్రాంతాలకు వలస పోవడాన్ని సుగ్గి అంటాం. పోలేనివాళ్లు, ముసలివాళ్లు, బాలింతలు, మొగుళ్లు వెనక్కి రాని ఆడవాళ్లు మిగిలారు. శనివారం సాయంత్రం చిన్నమ్మ కుండతో వాకిట్లో నిలబడితే, వాళ్లు తలుపు వెనక ముంతలో చేయి పెట్టి, పిడికిలి బిగించుకుని బయటికి వచ్చేవారు. ఆ పిడికిలిని గుడ్డ చీలికలో దూర్చి, కళ్లు మూసుకుని, పేరు చెప్పి, విప్పేవారు. గింజలు కుండలో పడితే సన్నటి వాన రేకుమీద పడినట్టు చప్పుడవుతుంది, కుండ మోసేవాళ్ల నడుముకు అది తెలుస్తుంది. ఆ ఇళ్ల దగ్గర చిన్నమ్మ నడుముకు ఏమీ తెలియలేదు. చప్పుడు లేదు. ఖాళీ పిడికిలి లోపలికి వెళ్లింది, ఖాళీ చేయి బయటికి వచ్చింది. చిన్నమ్మ ప్రతిసారీ ఆమేన్ అంది. ఆదివారం లేచి నిలబడి ఆ ఇళ్ల పేర్లు కూడా చెప్పింది, ఇచ్చారని.

పాట అయిపోయింది. యువకుడైన మా పాస్టరు ప్రదీప్‌కుమార్ వాక్యం చదువుతున్నాడు, మైకు ఒకసారి కీచుమంది, ముందు వరుసలో పిల్లలు నవ్వారు, ఏసుకుమార్ వెనక్కి తిరిగి చూశాడు, నవ్వు ఆగింది. తండ్రి చూపే. హెన్రీ దుర్మార్గుడు కాదు, ఆ సంగతి నేను న్యాయంగా చెప్పాలి. లెక్కల మాస్టరు, నిజాయితీపరుడు, సంఘం సొత్తులో గింజ కూడా ముట్టనివాడు. కోతపండుగకు ముందు గింజలన్నీ రాశిపోసి కొలిచినప్పుడు రాశి చిన్నదిగా కనబడింది. ఆయన తన కుడిచేతితో ఒక పిడికెడు తీసి, సోలలో పోసి చూసి, దాన్ని పూటలతో, ఇళ్లతో హెచ్చవేశాడు. అన్ని ఇళ్లూ ఇచ్చాయని సంతోషమ్మే ప్రతి ఆదివారం చెప్పింది గదా. అయితే రావలసింది ఇంత, వచ్చింది ఇంత, మధ్యలో కుండను తాకింది ఒక్క మనిషి. లెక్కలో తప్పు లేదు. కానీ ఆయన పిడికిలి మగవాడి పిడికిలి, రెండు పూటలా తిన్న పిడికిలి, ఏనాడూ పొయ్యి ముందు కూర్చోని పిడికిలి. రెండు పూటలా పొయ్యి వెలగని ఇల్లు ఒకటి ఉంటుందని ఆయన ఎక్కాల పుస్తకంలో లేదు. నలుగురు పెద్దలు కూర్చుని అడిగారట, ఏమైందో చెప్పమని. చిన్నమ్మ చెప్పలేదట. దేవునికి తెలుసు అని ఒక్క మాట అని ఊరుకుందట. ఆ కోతపండుగ నాడే, ఈ పీఠం ముందే, హెన్రీ లేచి నిలబడి పలికిన మాట ఊరిలో ముసలివాళ్లకు ఇప్పటికీ నోటికి వస్తుంది: “ఈ కొరత తీరేదాకా సంతోషమ్మకు బల్ల లేదు, ఆమె పిడికెడు ఈ కుండలో పడరాదు.”

ఆ వార్త నాకు చిన్నమ్మ నోటనే తెలిసింది, ఆమె నన్ను చూడడానికి కాన్వెంటుకు వచ్చినప్పుడు. సందర్శకుల గదిలో మరియమ్మ బొమ్మ కింద ఇద్దరం నిలబడే మాట్లాడుకున్నాం, ఆమె కుర్చీలో కూర్చోనన్నది. నేను ఏడ్చాను, ఆమె ఏడవలేదు. సిస్టర్ నేర్పిన మూడు ప్రశ్నలూ ఆమెకు వేశాను. నిజం తెలిశాక నాకు కోపం ఆమె మీదే వచ్చింది, అబద్ధం పాపమని నాకు కొత్తగా నేర్పిన రోజులవి. ఇవ్వనివాళ్లు ఇచ్చారని దేవుని మందిరంలో ఎందుకు చెప్పావు, అన్నాను.

“నేను అబద్ధం యాడ చెప్పినా మ్మే?” అంది. “చెయ్యి పెట్టినారు, పిడికిలి ఇప్పినారు, ప్రార్థన చేసినారు. గింజలు లేకుంటే లేకపాయ. చెయ్యి ఇచ్చినారు గదా.”

“ఆ మాటే హెన్రీ మాస్టరుకు చెప్పి ఉండొచ్చు.”

“చెప్తే, యా ఇండ్లు అని అడుగుతాడు. పేర్లు చెప్పల్ల. పస్తున్నోళ్ల పేర్లు దేవునికి చెప్తాం గానీ సంఘానికి చెప్తామా?”

ఆ సాయంత్రం గంట కొట్టగానే చిన్న ప్రార్థనగదిలో మోకరించి, పద్ధతి ప్రకారం దేవునికి ఫిర్యాదు చేశాను. ఎవరు, ఎవరికి, ఏ విధంగా. మరునాడు మళ్లీ. పగ తీర్చమని అడిగే పాత ప్రార్థనలన్నీ వెతికి కంఠస్థం చేశాను. చదువు పూర్తయింది, రాయచోటిలో టీచరునయ్యాను, చంద్రమోహన్‌ను పెళ్లి చేసుకున్నాను, హెడ్మిస్ట్రెస్‌నయ్యాను, నా ఫిర్యాదు మాత్రం అదే వరుసలో, అదే మాటలతో, ప్రతి రాత్రీ పైకి వెళుతూనే ఉంది. ఇప్పుడు తలచుకుంటే ఆ ప్రార్థనలు మంచి అర్జీల్లా ఉండేవి. విరామచిహ్నం కూడా తప్పిపోయేది కాదు. వాటిలో దేవునికి నేను చెప్పడమే గానీ, ఆయన నాతో ఏమైనా అనడానికి సందు ఉండేది కాదు.

ప్రదీప్‌కుమార్ ప్రసంగం అందుకున్నాడు. శ్రమలలో సహనం అంటున్నాడు. మంచి పిల్లవాడే గానీ శ్రమ అంటే సెమినరీ పరీక్ష అనుకునే వయసు. బయట ఎవరిదో ట్రాక్టరు పోతూ ఉంది, కిటికీ చువ్వల మీద పిచ్చుక దిగి, లోపలికి చూసి, ఏమీ లేదనుకుని ఎగిరిపోయింది. చిన్నమ్మ కునుకు తీస్తున్నట్టుంది, లేదు, పెదవులు కదులుతున్నాయి. సహనం అనే మాటంటే నాకు గిట్టదు. సహనం కాదు ఆమె చేసింది. సంఘం తన పిడికెడును వద్దన్న మరునాటి ఉదయం కూడా ఆమె ఎసరు పెట్టింది, పిడికెడు తీసింది, పేరు చెప్పింది. తీశాక దాన్ని ఎక్కడ వేయాలో తెలియలేదట. దేవుని ముంత నిండింది. తీసినదాన్ని తిరిగి తినలేదు, కుండలో వేయనివ్వరు. మూడో నాడో నాలుగో నాడో తెల్లవారుజామున మిద్దెమీదికెక్కి, పొగ రాని ఇళ్లు ఏవో చూసి, ముంత పట్టుకుని ఆ ఇంటి వెనక వాకిలికి వెళ్లింది. అప్పటినుంచి అంతే. ఆమె పిడికెడుకు చర్చి దారి మూసుకుపోయింది గనుక, అది ప్రతి ఉదయం కొత్త దారి వెతుక్కుంది. మిరపకాయల కోతకు గుంటూరు వైపు సుగ్గికి పోయినప్పుడు మూడు రాళ్ల పొయ్యి దగ్గర కూడా తీసేదట. ఈడ గుడి లేదు, పాస్టరు లేడు, ఎవరికి తీస్తాండావు సంతోషమ్మా, అని పక్క గుడిసెవాళ్లు ఎగతాళి చేస్తే, పొయ్యి రాజేయనోళ్లు ఈడ మాత్రం లేరా అనేదట. ఆ ఎగతాళి చేసినవాళ్ల గుడిసెలోనే ఒకనాడు పొయ్యి వెలగలేదు. ఆమె వెళ్లింది. వాళ్లు ఏ దేవుణ్ణి మొక్కుతారో అడగలేదు.

ఇదంతా ఒక ఎత్తు, హెన్రీ పేరు ఒక ఎత్తు. ఆ సంగతిలో చిన్నమ్మకూ నాకూ జరిగిన తగాదా చిన్నది కాదు. ఒక వేసవి సెలవుల్లో ఇక్కడికి వచ్చినప్పుడు ఒక ఆదివారం నేను విన్నాను. రొట్టె విరిచే వేళకు ఆమె లేచి బయటికి వెళ్లి మెట్టు మీద కూర్చుంటుంది, లోపల బల్ల ముగిసేదాకా ఒక్కొక్క పేరే పైకి చెబుతూ ప్రార్థిస్తుంది. ఆ పేర్లలో చిట్టచివర హెన్రీ పేరు, ఆయన భార్య పేరు, ఏసుకుమార్ పేరు. ఇంటికి వచ్చాక నిలదీశాను. నిన్ను దొంగ అన్నవాడి కోసమా, అన్నాను. ఆమె చింతపండు పులుసు గరిటెతో కలుపుతూ, “మొదట్లో ఆయప్ప పేరు ఎత్తితే నా నోరు చేదుగా ఉండె. అందుకే కడాకు పెట్టుకున్న్యా, ఎంత తొందరగా అయిపోతే అంత మంచిదని,” అంది. తరువాత ఏమైంది, అన్నాను. “తర్వాత ఏమైతాది? రోజూ చెప్తాంటే చేదు పాయ. ఇప్పుడు ఉత్త పేరే.” నేను క్షమించానని ఆమె అనలేదు. ఆ మాట ఆమె నోట నేను ఎన్నడూ వినలేదు. కొత్త పాస్టర్లు వచ్చినప్పుడల్లా, ఎందుకమ్మా బయట కూర్చుంటావు, లోపలికి రా, అనేవారు, ఆమె కదిలేది కాదు. “బయటికి పంపినోళ్లే లోపలికి పిలవల్ల,” అనేది. పాస్టర్లు మారిపోయారు, పాత పెద్దలు పోయారు, ఆమె మెట్టు మీద కూర్చోవడం ముసలామె అలవాటుగా మిగిలిపోయింది. శిక్షను సంఘం మరిచిపోయింది. ఆమె మరువలేదు. పేరు చేదు పోయిందన్న మనిషే, న్యాయం మాత్రం ఒక గింజ తక్కువైనా పుచ్చుకోనన్నది. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

చంద్రమోహన్ మంచాన పడ్డాక అర్థమైంది. పక్షవాతం ఆయన కుడి భాగాన్నీ మాటనూ ఒకేసారి తీసుకుపోయింది. నీటుగా చొక్కా వేసుకుని, రాయచోటి బజారులో నడుస్తూ, కనబడిన ప్రతివాడితోనూ నవ్వుతూ మాట్లాడే మనిషి, నా వైపు చూసి నోరు తెరిచి, శబ్దం రాక, సిగ్గుపడి కళ్లు మూసుకునేవాడు. ఆ రోజుల్లో నాకు ప్రార్థన పోయింది. కాన్వెంటులో నేర్చిన ప్రార్థనలు, సొంతంగా కూర్చుకున్న అర్జీలు, ఏదీ పెదవుల దాకా రాలేదు. ఎవరికి అన్యాయం జరిగిందో తెలుసు. ఎవరు చేశారు అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయేదాన్ని, ఎందుకంటే జవాబు తెలుసునని భయం. ఒక ఉదయం ఆయన గంజి కోసం బియ్యం కొలుస్తూ ఉంటే నా చేయి తనంతట తానే ఒక పిడికెడు పక్కకు తీసింది. నేను తీయలేదు, చిన్నమ్మ ఇంట్లో పెరిగిన చేయి తీసింది. పిడికిలి బిగించి నిలబడ్డాను. చంద్రమోహన్ అన్నాను. అంతే. ఏమి చేయమనీ అడగలేదు. ఆ పిడికెడు బియ్యం పక్క వీధిలో ఒంటరిగా ఉండే ఒక ముసలాయనకు పంపాను. రెండేళ్లపాటు నా ప్రార్థన అంతా ఆ ఒక్క పేరే. ఆయన లేచి నడవలేదు, మాట రాలేదు. కానీ కోపంతో తప్ప దేవుని ముందు నిలబడడం తెలియని నేను, ఏమీ అడగకుండా, ఏమీ తేకుండా నిలబడడం ఆ రెండేళ్లలో నేర్చుకున్నాను. ఖాళీ పిడికిలిని కుండలో పెట్టిన ఆ ఆడవాళ్లు ఏమి ఇచ్చారో అప్పుడు తెలిసింది. ఆయన పోయిన రోజు నేను సిద్ధంగా ఉన్నాను అనను, ఒంటరిగా మాత్రం లేను. ఆ తరువాత కూడా చిన్నమ్మ విషయంలో న్యాయం కోరడం నేను మానలేదు. కోరే గొంతు మారింది, అంతే. అరుపు తగ్గింది, పట్టు తగ్గలేదు.

ప్రసంగం ముగింపుకొచ్చింది. ఆడవాళ్ల మధ్య వరుసలో మద్దమ్మ చేతికర్రను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చిన్నమ్మ ఈడుది, చిన్నమ్మ కంటే బక్కపలచనిది, నోట్లో పళ్లు లేవు గానీ మాటకు పదును ఉంది. ఈ ఉదయానికి కారణం ఆమె. పోయిన నెల సాక్ష్యాల సమయంలో లేచి, మనవడికి ఉద్యోగం వచ్చినందుకు స్తోత్రం చెబుతుందని అందరూ ఎదురుచూస్తూ ఉంటే, “నేను సచ్చేలోపల ఒకటి కక్కల్ల,” అందట. “ఆ కరువులో మా ఇంట్లో పొయ్యి రాజలేదు. నా పిడికిట్లో ఏమీ లేకుండె. ఉత్త చెయ్యి పెట్టి తీసినా. సంతోసికి తెలుసు, ఇచ్చినాదని చెప్పె. దొంగ అది కాదు. సిగ్గుకు నోరు మూసుకున్నోళ్లం మేము.” వెంటనే ఇంకొక ముసలామె లేచి, మాదీ అంతే అందట. ఆ కబురు ఫోనులో విని నేను కడపలో కుర్చీలో కూలబడ్డాను. ఆ తరువాత ఏసుకుమార్‌తో నేను పడిన పాట్లు వేరే. సంఘపెద్దగా ఆయన ఒప్పుకున్నాడు, కొడుకుగా తడబడ్డాడు. నిన్న సాయంత్రం కూడా చర్చి వాకిట్లో నిలబడి, “టీచరక్కా, మా నాయన పేరు ఎత్తకుండా చెప్తాలే. సచ్చిపోయిన మనిషిని ఎందుకు బజారుకు ఈడ్చేది?” అన్నాడు. బతికి ఉన్న మనిషిని అరవై ఏళ్లు మెట్టు మీద కూర్చోబెట్టారు గదా, అన్నాను. ఆయన తల వంచుకుని వెళ్లిపోయాడు. ఇంటికి వచ్చి చిన్నమ్మతో, రేపు మాత్రం నువ్వు లేచి బయటికి వెళ్లకు, లోపలే కూర్చో, అని చెప్పాను. ఆమె నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. “నన్ను లోపలికి పిలిచేదానికైనా నేను బయట ఉండల్ల గదమ్మే,” అంది.

ఇదిగో, తెల్లగుడ్డ తీశారు. రొట్టె, పాత్ర. చిన్నమ్మ నేల మీద చేయి ఆనించి, మోకాలు పట్టుకుని, లేచింది. ఎవరి సాయమూ తీసుకోలేదు. వాకిలి దాటింది. ఆమె తెల్లచీర వెలుతురులో ఒక్క క్షణం మెరిసి, మెట్టు మీద కుదురుకుంది. ఏసుకుమార్ లేచి మైకు అందుకున్నాడు. నేను కుర్చీ అంచుకు జరిగాను. ఈ వయసులో, ఇన్ని ప్రార్థనల తరువాత, ఇంకా. “పూర్వకాలంలో మన సంఘంలో ఒక పొరపాటు జరిగినాది,” అన్నాడు. “ఎవరి తప్పు అని కాకుండా…” నా కర్రను గట్టిగా పట్టుకున్నాను. ఎవరి తప్పు అని కాకుండా జరిగే తప్పు ఒకటి ఉంటుందా? లేవబోయాను. లేవలేదు. పిడికిలి బిగించి, ఏసుకుమార్ అన్నాను లోపల, ఒక్క పేరు, ఉత్త పేరు. ఆయన ఆ వాక్యాన్ని పూర్తి చేయలేక మైకు పక్కన పెట్టి, పిలవడానికి వాకిలి దగ్గరికి నడిచాడు. గడప మీద ఆగిపోయాడు.

చిన్నమ్మ గొంతు లోపలికి వినబడుతూ ఉంది, ఎప్పటిలాగే, ఒక్కొక్క పేరు. వీపు ఇటువైపు. వెనక ఎవరు నిలబడ్డారో ఆమెకు తెలియదు. అమూల్య, కాన్పు తేలిగ్గా కావల్ల. గోపన్న కండ్లు. మా రిబ్కమ్మ, దానికి కోపం తగ్గించు. ఇన్నాళ్ల తరువాత నా పేరు పక్కన ఆమె ఏమి అడుగుతున్నదో నాకు తెలిసింది. ఆ తరువాత చివరి పేర్లు. “హెన్రీ మాస్టరు. ఆయప్ప ఇల్లాలు. ఏసుకుమార్, వాని పిల్లోళ్లు. సల్లగా ఉండల్ల తండ్రీ.” ఏసుకుమార్ భుజాలు వెనక నుంచి చూస్తున్నాను. అవి కాస్త కుంగాయి. ఆయన నెల నెలా బల్ల దగ్గర పాత్ర పట్టుకుని ఉండేవాడు గనుక, మెట్టు మీద ఏమి జరుగుతుందో ఎన్నడూ విని ఉండడు. పిలవలేదు. వెనక్కి తిరిగాడు. మైకు తీసుకోలేదు, మామూలు గొంతుతోనే, మాకందరికీ వినబడేటట్టు చెప్పాడు.

“మా నాయన హెన్రీ, ఈ పీఠం ముందర నిలబడి, సంతోషమ్మత్తను దొంగ అన్న్యాడు. అది తప్పు. ఆమె దొంగ కాదు. ఆకలిగొన్న ఇండ్ల మానం కాపాడిన మనిషి. మా నాయన మాటను, ఆయన కొడుకుగా, ఈ సంఘం పెద్దగా, నేను వెనక్కి తీసుకుంటాండా.”

ఎవరు, ఎవరికి, ఏ విధంగా. మూడింటికీ జవాబు. సిస్టర్ బెర్నదెత్తు ఉంటే, కూర్చో, అనేవారు. అప్పుడు మద్దమ్మ కర్ర నేలకు తాటించింది. “కొరత తీరేదాకా అన్న్యాడు గదా మీ నాయన? కొరత మాది,” అంటూ లేచి, పీఠం వైపు నడిచింది. కొంగు ముడి విప్పి, బియ్యం పిడికిట్లోకి తీసుకుని, కళ్లు మూసుకుని, కుండ మూతి చీలికలో చేయి పెట్టింది. విప్పింది. గింజలు పడిన చప్పుడు నా కుర్చీ దాకా వచ్చింది. ఆమె వెనక ఇంకొక ముసలామె లేచింది. తరువాత వాళ్లు కాదు, వాళ్ల కోడళ్లు, మనవరాళ్లు, తమ ఇంట్లో ఆ సంవత్సరం ఏ పిడికిలి ఖాళీగా వెళ్లిందో ఈ నెలలో విన్నవాళ్లు, ఒక్కొక్కరే కొంగుల్లో, చున్నీల్లో ముడివేసి తెచ్చుకున్న బియ్యంతో వరుస కట్టారు. ఎవరూ ఎవరినీ రమ్మనలేదు. గింజలు పడుతూనే ఉన్నాయి. కుండ నిండి, తెల్లగుడ్డ ఉబ్బి పైకి లేచాక, ప్రదీప్‌కుమార్ ఆ గుడ్డను విప్పి పక్కన పెట్టాడు. ఏసుకుమార్ అందరికంటే చివర వచ్చాడు. ఆయన చేయి పెద్దది, తండ్రి చేయే. నిండుగా పట్టిన పిడికెడును కుండ అంచు మీద విప్పాడు.

అప్పుడు వెళ్లి, గడప మీద నిలబడి, “అత్తా, సంతోషమ్మత్తా, సంఘం పిలుస్తాండాది, లోపలికి రా,” అన్నాడు.

“ఉండప్పా,” అంది చిన్నమ్మ బయట నుంచి, “ఆమేన్ అనలేదింగ.”

అంది. లేచింది. ఏసుకుమార్ చేయి అందిస్తే ఈసారి పట్టుకుంది. నడిమి దారిలో, ఎవరి వైపూ చూడకుండా, కుండ దగ్గరికి వచ్చి, కొంగు చివరి ముడి విప్పింది. ఈ ఉదయం ఎసరు పెట్టి తీసిన పిడికెడు. అరవై ఏళ్లుగా ఈ కుండలో పడకూడదన్న పిడికెడు. నిండిన కుండ మీద దాన్ని పోసింది, కొన్ని గింజలు జారి ముక్కాలిపీట మీద పడ్డాయి. వంగి, ఒక్కొక్కటే ఏరి కుండలో వేసింది. అరచేతితో పైన చదును చేసి, తల ఒక పక్కకు వంచి, అంచు చుట్టూ చూసింది. వెనక్కి తిరిగి మద్దమ్మను చూసి, “సప్పుడు ఇనపడెలే మద్దీ, బయటికి,” అంది. మద్దమ్మ పళ్లు లేని నోటితో నవ్వి, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

ప్రదీప్‌కుమార్ రొట్టె పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. చిన్నమ్మ రెండు చేతులూ చీరకు తుడుచుకుని, ఒకదాని మీద ఒకటి పెట్టి, ఖాళీగా, విప్పి, ఆయన ముందు చాపింది. రొట్టెముక్క అందులో పడింది. చప్పుడు కాలేదు. తిన్నది, పాత్ర అందుకుని తాగింది, నా కుర్చీ పక్కకు వచ్చి, నా భుజం ఆసరా చేసుకుని మెల్లగా నేల మీద కూర్చుంది. నేను ఏదో అనబోయాను. ఆమె నా మోకాలి మీద చేయి వేసి, ఊరుకోమన్నట్టు తట్టి, లెక్క తేలిన మనిషిలాగా గాఢంగా ఊపిరి విడిచింది.

“సరిపాయ మ్మే,” అంది. “ఇంగ బాకీ లేదు.”